కిలో లెక్కన

యోంగ్‌సాన్ బజారు రెండో అంతస్తులో
సగం షట్టర్లు దించే ఉన్నాయి.
తెరిచిన కొట్లలో చివరిది ప్యో గారిది.
బడిపిల్లలు వాడే రబ్బరు ముక్కతో
మెమరీ పట్టీ అంచున బంగారు పళ్ళు
ఒక్కొక్కటే తోముతున్నాడు,
నిద్ర తీరని పసివాడికి తోమినట్టు.

"ఎంత?" అన్నాను.
"ఎప్పటి ధర?" అన్నాడు.

పొద్దున ఒకటట, భోజనానికి ముందు ఇంకొకటట,
ఇప్పుడు చెప్పేది నేను మెట్లు దిగేదాకానేనట.
వెనక గోడమీద పలక
తుడిచి తుడిచి మబ్బు పట్టింది.

నాలుగు కావాలి నాకు.
నాలుగో తరానివి, ముప్పై రెండేసి గిగాబైట్లు,
సర్వర్లో వేసే రకం.
గాంగ్నుంగ్‌లో మా ఆసుపత్రి నేలమాళిగలో
ఊరందరి ఎముకలూ మోస్తున్న యంత్రం
ఆదివారం రాత్రి మూడుసార్లు పడి లేచింది.
కొత్తది కొందామంటే
మా లెక్కల పెద్ద నంగుంగ్ గారు
జలుబుకి సెలవడిగిన గుమాస్తాని చూసినట్టు
దాన్నీ నన్నూ కలిపి చూశాడు.

అక్టోబరులో మంజూరైన సొమ్ము
ముద్రలూ సంతకాలతో సహా నా సంచిలో ఉంది.
అక్టోబరులో అది నాలుగు పట్టీలు.
జనవరిలో ఒకటిన్నర.

అర పట్టీ ఎవరూ అమ్మరు.
ఒంటి పట్టీని ఆ యంత్రం ఒప్పుకోదు.
చెప్పుల్లాంటివి ఇవి, జత ఉంటేనే నడక.

"మా బావమరిది ఆ లైనులోనే పనిచేసేవాడు,"
ప్యో గారు రబ్బరు పొట్టు ఊదాడు.
"పాత చింతకాయ పచ్చడి అని ఆపేశారు.
ఇప్పుడు పొయ్యిమీద అంతా కొత్త వంటే,
ఉడక్కముందే ఎవరో గిన్నెతో సహా ఎత్తుకుపోతున్నారు.
పచ్చడి మాత్రం అందరికీ కావాలి,
మీలాంటి వాళ్ళందరికీ."

"మరి ఇవి ఎక్కడివి?"

"ఇల్లు కూల్చినచోట దూలాలు దొరకవూ?"

పళ్ళెం నా ముందుకి జరిపాడు.
ఫోను దీపం వేసి చూస్తున్నాను.
ఐదోదాని మీద, సగం గీకిన కాగితంపై
నీలం మార్కరు రాత:
పరీక్షించాను. బాగానే ఉంది. హ.

మా లిపిలో హ అంటే టోపీ పెట్టుకున్న సున్నా.
ఆ టోపీ అలా ఎడమకి వాలడం
నా చేతికే అలవాటు.

నాలుగేళ్ళ కిందట రెండో యంత్రాన్ని విప్పినప్పుడు
నలభై ఎనిమిది పట్టీలు.
ఒక్కొక్కటీ పరీక్షించి, పేరు పొడి అక్షరం పెట్టి,
ఎవరికైనా పనికొస్తాయన్నాను.
నంగుంగ్ గారు వాటిని వంటింటికి తీసుకెళ్ళి
క్యాబేజీలు తూచే కాటా మీద పెట్టాడు.
కిలో తొమ్మిది వందలు.
పాత ఇనుము కొనేవాడికి అడ్డికి పావుసేరు.
ఆ డబ్బుతో ఆ సాయంత్రం
ఏడుగురం వేడి నూడుల్సు తిన్నాం.
చిల్లర కూడా మిగిలింది.
నేను రెండోసారి వడ్డించుకున్నాను.

"తెలిసిందా?" అన్నాడు ప్యో గారు.
"ముఖపరిచయం," అన్నాను.

అతను కాగితం చదివాడు.
నా మెడలోని గుర్తింపు కార్డు చదివాడు.
పలక వైపు తిరగలేదు.
"రెండిస్తాను. మెట్లు దిగేలోపు చెప్పు."

ఆ మిగతా అర ఎవరి ఖాతాలోదో
నేను అడగలేదు. అతను రాయలేదు.

రైలు సొరంగాల్లో దూరి తూర్పుకి పోతుంటే
ఒళ్ళో ఉన్న పొట్లం
ఇంట్లోంచి వెళ్ళగొట్టిన పిల్లిని
వీధి చివర కొని తెచ్చుకున్నట్టుంది.

రాత్రి పదకొండుకి యంత్రం లేచింది,
నాలుగు కొత్త ఊపిరులు కావాల్సినచోట రెంటితో,
మెల్లగా.

ఈ రకం పట్టీకి ఒక గుణం ఉంది.
లోపల ఒక్క అంకె తారుమారైతే
తనే దిద్దుకుంటుంది, పనేమీ ఆగదు.
రెండైతే దిద్దలేదు.
తప్పు జరిగిందని మాత్రం చెప్పి
ఆగిపోతుంది.

ఇప్పుడు నంగుంగ్ గారికి పత్రం నింపుతున్నాను.
వస్తువు. సంఖ్య. ధర.
బరువు అన్న గడిని మా దగ్గర ఎవరూ నింపరు.
నేను నింపాను:
ఎనభై గ్రాములు.